‘ఫైలు లేదు’ అన్న మనిషి

మన ప్రోగ్రామరుకి చిన్నప్పటి నుంచీ ఒక అలవాటు ఉంది. ఏదైనా వస్తువు కనబడకపోతే కనబడటం లేదనడు, లేదంటాడు. బీరువా తలుపు సగం తెరిచి, పై అరలోకి ఒక్క చూపు చూసి, “గోళ్లు తీసుకునేది లేదు” అని ప్రకటిస్తాడు. భార్య వంటింట్లోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చి, ఆయన మోచేతి పక్కనే ఉన్న దాన్ని తీసి అరచేతిలో పెట్టి, ఏమీ అనకుండా వెళ్లిపోతుంది. ఇరవై రెండేళ్ల కాపురంలో ఆవిడ బాగా ఆరితేరిన విద్య, ఏమీ అనకపోవడం.

అలవాటు ఇంట్లో ఉన్నన్నాళ్లూ ఎవరికీ నష్టం లేకపోయింది. ఆయన దాన్ని తీసుకెళ్లి ఒక ప్రోగ్రాములో పెట్టాడు. చిక్కంతా అక్కడ వచ్చింది.

మనిషి చెడ్డవాడు కాదు. నలభై ఆరేళ్లు, కొంచెం పొట్ట, ఎప్పుడూ మెడలో వేలాడే ఆఫీసు కార్డు. నాలుగో అంతస్తులో కూర్చుని, కంప్యూటరు తెర మీద కిటికీల్లా తెరుచుకుని పనిచేసే ప్రోగ్రాములు రాస్తాడు. ఆఫీసులో మంచి పేరుంది. జూనియర్లు రాసింది చదువుతూ ఆయన నాలుకతో చిన్న చప్పుడు చేశాడంటే, ఆ జూనియరుకి ఆ పూట కాఫీ సహించదు.

ఆయన భార్యకి ఒక అన్నగారున్నాడు. బజార్లో దొరికే చెప్పులు, బూట్లు పట్టని పాదాలకి బూట్లు కుట్టించే వర్క్‌షాపు ఆయనది. ఒక కాలు పెద్దది ఒకటి చిన్నదైనవాళ్లు, వేళ్లు ఒకదాని మీదికొకటి ఎక్కినవాళ్లు, ఆపరేషన్లో మడమ సగం పోయినవాళ్లు అక్కడికి వస్తారు. రంగుల దుకాణం మీద మేడ. లోపలికి అడుగుపెడితే తోలు వాసన, జిగురు వాసన కలిసి ముక్కు మీద గుద్దుతాయి. గోడ పొడవునా తాళ్లకి వేలాడే చెక్క పాదాలు, ఒక్కోదాని మీద ఒక్కో నంబరు. మూల కిటికీ కింద గాజు పెట్టె. అందులో కాలు పెడితే వెలుగు చుట్టూ తిరిగి, పాదం ఆకారం పక్కనున్న కంప్యూటర్లో ఫైలుగా చేరుతుంది.

ఆ ఫైళ్లన్నీ చూసుకోవడానికి వర్క్‌షాపు యజమాని అయిన ఆ అన్నగారు అడిగితే మన ప్రోగ్రామరు ఒక ప్రోగ్రాము రాసిచ్చాడు. ఎడమ పక్క మనుషుల పేర్లు. పేరు మీద నొక్కితే కుడి పక్క వాళ్ల పాదం గిర్రున తిరుగుతూ కనబడుతుంది. మొదటిరోజు అది చూసి వర్క్‌షాపంతా పని ఆపేసింది. యజమాని ఆయన్ని బావా అని పిలుస్తాడు గనక అక్కడ పనిచేసేవాళ్లందరికీ ఆయన బావగారే అయిపోయాడు, వయసుతో నిమిత్తం లేకుండా.

ఆ కంప్యూటరు ముందు కూర్చునేది కొలతలక్క. యాభై దాటిన మనిషి, పందొమ్మిదేళ్లుగా అక్కడే. గాజు పెట్టె రాకముందు గోధుమరంగు కాగితం మీద పాదం నిలబెట్టి పెన్సిలుతో చుట్టూ గీసేది. మనిషి మెట్లెక్కే చప్పుడు విని, ఏ మడమ ముందరగా అరుగుతోందో చెప్పేస్తుంది. కంప్యూటరు కొత్తలో మౌసుని ముట్టుకునే ముందు గుడ్డతో తుడిచేది, దానికి నొప్పి పుడుతుందన్నట్టు. తర్వాత్తర్వాత దాని మీద పెత్తనం వచ్చింది. శనివారం సాయంత్రం గదిలో చెత్తబుట్ట ఖాళీ చేసి, అదే ఊపున తెర మీది చెత్తబుట్ట కూడా ఖాళీ చేస్తే గాని ఆవిడకి వారం గడిచినట్టుండదు.

ఇక మన ప్రోగ్రామరు చేసిన తప్పు ఏమిటో చెప్పాలి. చాలా చిన్నది.

పేరుని ఫైలుకి ముడివేయడానికి రెండు దారులున్నాయి. ఒకటి, ఫైలు చిరునామా రాసిపెట్టుకోవడం. ఫలానా డిస్కు, ఫలానా ఫోల్డరు, ఫలానా పేరు అని. రెండోది, ఫైలుకి ఒక ఆనవాలు ఇమ్మని కంప్యూటర్నే అడిగి దాన్ని దాచుకోవడం. బుక్‌మార్క్ అంటారు దాన్ని. తర్వాత ఆ ఫైలు వేరే ఫోల్డర్లోకి వెళ్లినా, పేరు మార్చుకున్నా, ఆనవాలు చూపిస్తే కంప్యూటరే వెతికి చెయ్యి పట్టుకుని తీసుకొస్తుంది. మొదటిది ఇంటి నంబరు తెలియడం, రెండోది మనిషి తెలియడం. మొదటి పద్ధతిలో, మనిషి పక్కవీధిలోకి ఇల్లు మారితే పాత ఇంటి తాళం చూసి, ఆ మనిషే లేడని తిరిగొచ్చేస్తాం.

ఇదంతా ఆయనకి తెలుసు. ఆఫీసులో జూనియర్లకి పాఠం చెప్పేదే ఆయన. కాని రెండో పద్ధతికి ఇంకో సగం రోజు పని. రాసింది ఆదివారం. బంధువుల పని, ఎవరు చూడొచ్చారు. చిరునామాతో సరిపెట్టి, ప్రోగ్రాములో ఆ వరుస పక్కనే తనకోసం ఒక ముక్క రాసుకున్నాడు: ‘ప్రస్తుతానికి ఇది చాలు. తర్వాత మార్చాలి.’ చిరునామాలో ఫైలు దొరక్కపోతే తెర మీద ఏదో ఒకటి చూపించాలి కదా. ఆలోచించకుండా, తన సహజ ధోరణిలో, ఎర్ర అక్షరాల్లో పెట్టాడు: ‘ఫైలు లేదు.’

అలా మూడేళ్లు గడిచాయి. పేర్ల పట్టీ నాలుగు వందల పన్నెండుకి చేరింది.

ఒక మంగళవారం పదకొండింటికి యజమాని ఫోను. “బావా, నువ్వు వెంటనే రావాలి. పాదాలన్నీ పోయాయి.”

మన ప్రోగ్రామరుకి రెండింటికి మీటింగుంది. భోజనం వేళ ఆటో ఎక్కి వచ్చాడు. మేడ మీద ఒక్క కుట్టుమిషనూ తిరగటం లేదు. కొలతలక్క కుర్చీలోంచి లేచి గోడకి ఆనుకుని నిలబడింది. పట్టీలో ఏ పేరు నొక్కినా ఎర్రగా ఒకటే మాట.

“బావగారూ, నేను నిన్న సర్దుతున్నప్పుడు...” అంది ఆవిడ.

“ఒక్క నిమిషం అక్కయ్యా. మీరేం చెప్పకండి. నన్ను చూడనివ్వండి.”

చిరునామాలో ఉన్న ఫోల్డరుకి వెళ్లాడు. లేదు. చెత్తబుట్ట తెరిచాడు. ఖాళీ.

“చెత్తబుట్ట ఎవరు ఖాళీ చేశారు?”

“నేనేనండి. నిన్న కూడా చేశాను, సర్దాను కదా అని...”

“అయిపోయింది,” అన్నాడు ఆయన. గోళ్లు తీసుకునేది లేదని ప్రకటించిన గొంతుతోనే. “ఫైళ్లు చెత్తలో వేసి, చెత్త పారబోశారు. ఇంకేముంది, లేవు.”

“అది కాదండీ, నేను ఆ ఫోల్డర్ని...”

“అక్కయ్యా, కంప్యూటరంటే ఇల్లు కాదు, ఎప్పుడు బుద్ధిపుడితే అప్పుడు సర్దుకోవడానికి.”

ఈ మాట తర్వాత ఆయనకి చాలాసార్లు గుర్తొచ్చింది. అప్పుడు మాత్రం బాగా అన్నాననుకున్నాడు. అట్టలు కోసే మామ, అంటే ఆ వర్క్‌షాపులో అందరికన్నా పెద్దాయన, తలెత్తి ఒకసారి కొలతలక్కని చూసి మళ్లీ కత్తి అందుకున్నాడు. అంతా కలిపి పన్నెండు నిమిషాలు పట్టింది. మీటింగుకి సమయానికి చేరుకున్నాడు కూడా.

కొలతలక్కని యజమాని తిట్టలేదు. ఊరికే, “అక్కా, కొన్నాళ్లు కంప్యూటరు వద్దులే” అన్నాడు. ఆవిడ టేపు, పెన్సిలు, గోధుమరంగు కాగితం చుట్ట తీసి సంచిలో పెట్టుకుంది. బూట్లు సగంలో ఉన్నవాళ్లకి ముందుగా ఫోన్లు చేసింది. “నా వల్ల మీ కొలత పోయిందండీ, మళ్లీ తీసుకోవాలి” అని. రాగలిగినవాళ్లు వచ్చారు. రాలేనివాళ్లిళ్లకి తనే బస్సెక్కి వెళ్లింది.

ఈ కబుర్లు భార్య ద్వారా మన ప్రోగ్రామరుకి అన్నం దగ్గర చేరేవి.

“నిన్న ఎవరో నాలుగో అంతస్తులో ఉంటే వెళ్లిందట. లిఫ్టు లేదట. కొలతలక్కకి అసలే మోకాళ్ల నొప్పులు.”

“ఏం చేస్తాం. జాగ్రత్తగా ఉండాలి మరి,” అని ఆయన పెరుగు కలుపుకున్నాడు.

మూడు వారాల తర్వాత ఆయన మళ్లీ వర్క్‌షాపుకి వెళ్లాడు. ఎందుకు వెళ్లాడో చెప్పడానికి నాకే మొహమాటంగా ఉంది. ఇకముందు ఎవరు పడితే వాళ్లు సర్దకుండా ప్రోగ్రాముకి పాస్‌వర్డు పెట్టడానికి వెళ్లాడు.

కుర్చీలో కూర్చున్నాడు. పాస్‌వర్డు దాచడానికి ఒక చోటు కావాలని డిస్కు తెరిచాడు. అక్కడ, కళ్లెదురుగా, ఒక ఫోల్డరు. దాని పేరు: ‘పాదాలు - ఎవరూ ముట్టుకోవద్దు.’

ముట్టుకున్నాడు. నాలుగు వందల పన్నెండు ఫైళ్లు. వరుసగా, పేర్లతో సహా, ఒక్కటి తగ్గలేదు.

ఆయనకి అర్థం కావడానికి ఎక్కువసేపు పట్టలేదు. మూడేళ్ల కిందట ఆ ఫోల్డర్ని తనే పెట్టాడు, హడావుడిలో, డౌన్‌లోడ్ల గుట్టలో, ‘కొత్త ఫోల్డర్ 2’ అనే పేరుతో. ఆ గుట్టని యజమాని అప్పుడప్పుడు తీసిపారేస్తుంటాడు. ఎప్పుడో ఒకప్పుడు ఇవీ వాటితో పాటు కొట్టుకుపోతాయని ఆవిడ భయపడి, బయటికి తీసి, పైన భద్రంగా పెట్టి, పేరు పెట్టి, ఎవరూ ముట్టుకోవద్దని కూడా రాసింది. ఆరోజు చెప్పబోయింది అదే. ఫైళ్లు ఎక్కడికీ పోలేదు. ప్రోగ్రాము పాత ఇంటికి వెళ్లి, తలుపు తట్టి, మనిషే లేడని చెప్పింది. ఆయన దాని వెనకే వెళ్లి అదే మాట చెప్పాడు.

వెనక్కి చూశాడు. అట్టలు కోసే మామ అట్టలు కోస్తున్నాడు. కొలతలక్క తలుపు దగ్గర తోలు ముక్కలు ఊడుస్తోంది. ఎవరూ చూడటం లేదు.

అప్పుడు ఏం చేయాలో మీకూ నాకూ తెలుసు. ఆయన చేసింది ఏమిటంటే, ఆ ఫోల్డర్ని చడీచప్పుడు లేకుండా పాత చోటికి జరిపి, పాత పేరు పెట్టాడు. ప్రోగ్రాము తెరిచాడు. మొదటి పేరు మీద నొక్కాడు. పాదం గిర్రున తిరిగింది.

“బావా,” అన్నాడు యజమాని వెనకనుంచి. “ఏం చేశావు? వచ్చేశాయా?”

“అంటే... కొంచెం లోతుగా వెతికితే...” అన్నాడు మన ప్రోగ్రామరు. వాక్యం పూర్తి చేయలేదు. చేయనక్కర్లేకపోయింది. యజమాని ఆయన భుజం మీద చెయ్యి వేసి ఊపేశాడు. కుట్టుమిషన్ల దగ్గరివాళ్లు లేచి వచ్చారు. కొలతలక్క చీపురు పట్టుకునే వచ్చి, తెర కేసి చూసి, కళ్లు తుడుచుకుంది.

“అమ్మయ్య. నా వల్ల పోయినవి మీ వల్ల వచ్చాయి బావగారూ. ఈ మూడు వారాలూ నాకు ముద్ద దిగలేదు.”

ఆయన తెర కేసి తిరిగి ఇంకో పేరు నొక్కాడు. టీ తాగమంటే తాగాడు కూడా.

తర్వాత నాలుగు రోజులూ ఆయనకి ఎలా గడిచాయో చెప్పడం కష్టం. ఆఫీసులో ఒక జూనియరు రాసింది చదువుతుంటే, ఆ కుర్రది కూడా ఉత్త చిరునామాతోనే సరిపెట్టింది. నాలుక అలవాటుగా పైకి లేచింది గాని చప్పుడు రాలేదు. “పర్లేదు... మార్చుకో” అన్నాడు. ఆ అమ్మాయి ఆయనకి ఒంట్లో బాగాలేదేమో అనుకుంది.

ఇంట్లో ఇంకా ఇబ్బంది.

“అన్నయ్య ఫోన్ చేశాడు. మీరు ఘటికులట,” అంది భార్య.

“ఊఁ.”

“ఎక్కడ దొరికాయి?”

“కంప్యూటర్లోనే.”

“కంప్యూటర్లో ఎక్కడ?”

ఆయన మంచినీళ్లు తాగాడు. గ్లాసు ఖాళీ అయ్యాక కూడా కాసేపు తాగాడు. ఆవిడ ఆయన మొహం కేసి చూసి, తన విద్య ప్రయోగించింది. ఏమీ అనలేదు.

శనివారం ఉదయం యజమాని మళ్లీ ఫోన్ చేశాడు. “బావా, నీకు ఒక జత బూట్లు. కొలతలక్క పట్టుపట్టింది, దగ్గరుండి చేయిస్తుందట. కాలు తీసుకుని రా.”

వద్దనడానికి కారణం దొరకలేదు. వెళ్లి ఎత్తు స్టూలు మీద కూర్చుని బూటు విప్పాక తెలిసింది, ఎడమ సాక్సుకి చిల్లుందని. బొటనవేలు మొత్తం బయటికి వచ్చి లోకాన్ని చూస్తోంది.

“బావగారు గాలి ఆడేట్టు పెట్టుకున్నారు,” అన్నాడు అట్టలు కోసే మామ.

అందరూ నవ్వారు. కొలతలక్క నవ్వలేదు. సాక్సు ఆవిడ తియ్యబోతే ఆయన గబుక్కున తనే లాక్కున్నాడు. ఆవిడ నేల మీద గోధుమరంగు కాగితం పరిచి, మోకాళ్ల మీద కూర్చుంది. కూర్చునేటప్పుడు ఎడమ మోకాలు చప్పుడు చేసింది. ఆ చప్పుడు ఆయనకి వినబడింది.

“గాజు పెట్టె ఉంది కదా అక్కయ్యా. కాగితమెందుకు?”

“దాన్ని ముట్టనండి. మళ్లీ ఏదైనా పోతే...”

“ముట్టుకో అక్కా,” అన్నాడు యజమాని. “బావగారు పక్కనే ఉన్నారుగా. పోతే తెచ్చిస్తారు.”

ఆవిడ లేచి, మౌసుని గుడ్డతో తుడిచింది. మూడేళ్ల కిందట చేసినట్టే. “ఇది నొక్కొచ్చాండీ?” అంది. నొక్కమన్నాడు. “ఇప్పుడు ఇక్కడ నొక్కితే ఏం పోదుగా?” పోదన్నాడు. నాలుగు వందల పన్నెండు సార్లు చూడకుండా నొక్కిన మీట మీద ఆవిడ వేలు గాల్లో ఆగిపోయింది. “ఇదీ నొక్కొచ్చాండీ?”

మన ప్రోగ్రామరు ఒక కాలు గాజు పెట్టెలో, ఒక కాలు చల్లటి నేల మీద పెట్టుకుని, అప్పుడు చెప్పాడు.

“అక్కయ్యా, మీరు ఏదీ పోగొట్టలేదు.”

“ఏంటండీ?”

“ఫైళ్లు పోలేదు. మీరు పెట్టిన చోటే ఉన్నాయి, ఎవరూ ముట్టుకోవద్దని రాశారు కదా, అందులో. నా ప్రోగ్రాము పాత చోట వెతికి లేవంది. తప్పు నాది. సగం రోజు పని ఎగ్గొట్టాను. మొన్న నేను లోతుగా ఏమీ వెతకలేదు. కళ్లెదురుగా కనబడితే తీసి పాత చోట పెట్టాను.”

కుట్టుమిషను ఒకటి ఆగింది. తర్వాత ఇంకొకటి.

“ఆవేళ చెప్పబోయాను కదండీ,” అంది ఆవిడ నెమ్మదిగా.

“చెప్పబోయారు. నేను వినలేదు.”

“తర్వాత ఆ ఫోల్డరు అక్కడ చూశాను కూడా. డబ్బా ఉంది గాని లోపలి కొలతలు పోయాయి కాబోలనుకున్నాను. మీరు లేవన్నారు గదా. మీకు తెలీకుండా ఎలా ఉంటాయి అనుకున్నాను.”

తిట్టి ఉంటే బాగుండేదని ఆయనకి అనిపించింది. తన కళ్లకన్నా ఆయన మాటని ఎక్కువ నమ్మిన మనిషి ముందు, చిల్లు సాక్సు చేతిలో నలుపుకుంటూ కూర్చున్నాడు.

“బావా,” అన్నాడు యజమాని. గొంతులో ఎప్పుడూ ఉండే వేళాకోళం లేదు. “మొన్న నా చేత భుజం తట్టించుకున్నావు కదూ.”

“తట్టించుకున్నాను.”

“టీ కూడా తాగాడు,” అన్నాడు అట్టలు కోసే మామ.

కొలతలక్క ఇవేవీ విన్నట్టు లేదు. మీట నొక్కింది, ఈసారి ఎవర్నీ అడక్కుండా. వెలుగు ఆయన పాదం చుట్టూ తిరిగింది. “రెండో కాలు పెట్టండి,” అంది. రెండోదీ అయింది. అప్పుడు తన సంచిలోంచి ఒక నోటుబుక్కు తీసి, ఒక పేజీ విప్పి, ఆయన ఒళ్లో పెట్టింది. ఇరవై ఆరు పేర్లు, ఫోన్ నంబర్లు.

“వీళ్లందరికీ నేను నా నోటితో చెప్పాను, నా వల్ల పోయిందని. ఒక్కరూ ఏమీ అనలేదు. కాని తప్పు నాదనే అనుకుంటున్నారు. మీరే ఫోన్ చేసి చెప్పండి బావగారూ.”

“సాయంత్రం చేస్తాను.”

“ఇప్పుడే చెయ్యండి. మేం పని చేసుకుంటుంటాం.”

ఒట్టికాళ్లతో ఆ స్టూలు మీద కూర్చుని, ఆయన ఇరవై ఆరు ఫోన్లు చేశాడు. మొదటి ఫోనుకి చెమట పట్టింది. ఏడో ఫోనుకి వాక్యం చిన్నదయింది: కొలతలక్క తప్పు లేదండీ, ప్రోగ్రాము రాసినవాణ్ణి నేను, తప్పు నాది. ఒకాయన “ఏ ప్రోగ్రాము?” అని అడిగి మొదటి నుంచీ చెప్పించుకున్నాడు. ఒకావిడ, “ఆవిడ రావడం మంచిదే అయింది, రెండు గంటలు కబుర్లు చెప్పుకున్నాం” అంది. పందొమ్మిదో నంబరు నాలుగో అంతస్తు మనిషి. అంతా విన్నాడు.

“నా కాలు సంగతి సరే,” అన్నాడు తర్వాత. “ఆవిడ కాలు మీరెప్పుడైనా చూశారా? దిగేటప్పుడు ప్రతి మెట్టుకీ ఆగింది. నేను కిటికీలోంచి చూశాను.”

“ఇవాళ చూశానండీ,” అన్నాడు మన ప్రోగ్రామరు.

మర్నాడు ఆదివారం. ఆయన పొద్దున టిఫిను తిని వర్క్‌షాపుకి వెళ్లి కూర్చున్నాడు. ముందు ఫోల్డర్ని కొలతలక్క పెట్టిన చోటికి, ఆవిడ పెట్టిన పేరుతోనే, తిరిగి చేర్చాడు. ‘ప్రస్తుతానికి ఇది చాలు’ అన్న ముక్క చెరిపాడు. ప్రతి ఫైలుకీ ఆనవాలు తీసి దాచాడు. ఆనవాలు పాతబడితే కొత్తది తీసుకునే ఏర్పాటూ చేశాడు. భోజనం వేళకి అయిపోయింది. సరిగ్గా సగం రోజు. కాస్త ఎక్కువ పట్టినా బాగుండేదనిపించింది ఆయనకి. చివరగా ఎర్ర అక్షరాల దగ్గరికి వచ్చాడు. వాటిని చాలాసేపు చూసి, ‘ఫైలు లేదు’ తీసేసి ఇంకోటి రాశాడు.

సోమవారం కొలతలక్క పరీక్ష పెట్టింది. వర్క్‌షాపంతా వెనక నిలబడింది. ఫోల్డర్ని తీసి ఇంకో మూలకి వేసింది. పేరు నొక్కింది. పాదం వచ్చింది. పేరు మార్చింది. వచ్చింది. ఏడు ఫోల్డర్ల అడుగున పాతిపెట్టింది. అయినా వచ్చింది. ఆవిడ కళ్లు చిన్నవి చేసి ఆయన కేసి చూసి, ఒక ఫైలుని పెన్‌డ్రైవులోకి మార్చి, ఆ పెన్‌డ్రైవు పీకి జేబులో వేసుకుని నొక్కింది.

తెర మీద అక్షరాలు వచ్చాయి. ఆవిడ కళ్లజోడు సర్దుకుని పైకి చదివింది.

“‘ఈ ఫైలు నాకు కనబడటం లేదు. ఎక్కడుందో మీకు తెలిస్తే చూపిస్తారా?’”

ఇంకోసారి, లోపల చదువుకుంది.

“ఇప్పుడు మర్యాద నేర్చుకుంది,” అంది. జేబులోంచి పెన్‌డ్రైవు తీసి పెట్టి, ఎక్కడుందో చూపించింది. పాదం తిరిగింది. ఆవిడ కుర్చీ ముందుకి లాక్కుని, ఆవేళ మొదట వచ్చినవాళ్లని పిలిచింది. ఆయన అక్కడే ఉన్న సంగతి ఎవరికీ పట్టలేదు. అదే తనకి తగిన మర్యాదని ఆయనకి తోచింది.

వెళ్లేముందు పట్టీ చివర చూశాడు. నాలుగు వందల పదమూడో పేరు తనది. దాని పక్కన, కస్టమరు గురించి ఏమైనా రాసుకునే గడిలో, కొలతలక్క ఒక మాట టైపు చేసి పెట్టింది: ‘పాదాలు బాగానే ఉన్నాయి. సాక్సు చూసుకోమని చెప్పాలి.’

చెరపడానికి ఆయనకి హక్కుంది, ప్రోగ్రాము రాసినవాడు గదా. చెరపలేదు. ఇప్పటికీ అది అక్కడే ఉంది, ఎవరూ ముట్టుకోకుండా.